ఆమె సుట్టం, రాయకుండ్రి

పోయిన వారం మా ఆఫీసు డ్రైవర్ కారు తాళాలు నా బల్ల మీద పెట్టి, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డాడు. కడప కుర్రాడు. ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకుంటూ తిరిగేవాడు, ఆ రోజు పాట లేదు.

"సహం తోట పెద్దాయన లేడంట మేడం. లీవుకు ఊరికి పోయినాడు గదా, ఆడనే. పొద్దున లేయలేదంట. ఆయన కొడుకు నాకు ఫోన్ చేసినాడు," అన్నాడు.

మంచినీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా మళ్ళీ పెట్టేశాను.

పేరు రాయను. తోటకి వచ్చే ఒమానీలు ఆయన్ని సదీక్ అని పిలిచేవారు, మిత్రుడా అని. ఇక్కడ పేరు తెలియని పనివాణ్ణి అలాగే పిలుస్తారు. మా ఆఫీసులో మాత్రం పెద్దాయన అనేవాళ్ళం. నిజానికి అంత పెద్ద వయసేం కాదు, మీసాలు ముందే నెరిశాయి, అంతే. జగిత్యాల పక్క పల్లెటూరు. వచ్చిన కొత్తలో బిల్డింగు పనులకి తిరిగి, నడుము పట్టేశాక ఆ తోటలో కాపలాకి కుదురుకున్నాడు.

నేను ఒమాన్‌లోని సోహార్‌లో ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో పని చేస్తాను. మా ఆయనది పోర్టు వైపు ప్లాంటులో ఉద్యోగం. మా ఆఫీసు చూసే లెక్కల్లో పక్క ఊరు సహంలో ఉన్న ఈ తోట ఒకటి. సముద్రానికి కాస్త ఇవతల నిమ్మచెట్లు, ఖర్జూరాలు, వాటి మధ్య ఒక పెద్ద ఇల్లు, పిల్లలు ఈదడానికి పూల్. యజమాని ఒక ముసలి ఒమానీ, ఆయన్ని అందరూ అర్బాబ్ అంటారు. ఇంటిని తన కంపెనీ పేరు మీద పెట్టి సెలవురోజులకి కుటుంబాలకి కిరాయికి ఇస్తాడు. అప్పుడప్పుడు ఆయన కొడుకులూ మనవళ్ళూ కూడా వచ్చి ఉండిపోతారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక ఏడాది పన్ను లెక్కలు చూసిన ఆడిటర్ కాగితాలు వెనక్కి పంపాడు. తోట ఖర్చు మొత్తం, కాపలా మనిషి జీతంతో సహా, కిరాయి వ్యాపారం ఖర్చుగా ఎలా చూపిస్తారని అడిగాడు. సొంతవాళ్ళు వాడుకున్న రోజుల ఖర్చు అందులో కలపకూడదట. ఆ మనిషి ఎవరి కోసం ఎంతసేపు పని చేశాడో రోజువారీగా రాసి ఉంచమన్నాడు.

ఆ మాట చెప్పడానికి నేను మొదటిసారి సహం వెళ్ళాను. పెద్దాయన నిమ్మచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి, తుండుతో తుడిచి, ఉప్పేసిన నిమ్మరసం చేతికిచ్చాడు. నేను చెప్పింది విన్నాక మొహం మాడిపోయింది.

"నేను పన్జేస్తలేనని ఎవలన్న చెప్పిండ్రా మేడం?"

"అలా కాదండీ. మీరు పని చేస్తున్నారని చూపించడానికే."

"ఇన్నేండ్ల సంది ఎవ్వలు అడగలె. పూల్ సాఫ్ ఉన్నదా, చెట్లకు నీళ్లున్నయా, గదే అడిగిండ్రు."

ఆడిటర్ గురించి, పన్ను గురించి ఇంకో రెండుసార్లు విడమరిచి చెప్పాను. ఆయన "అంటే నేను చేసిన పనిల అర్బాబ్ ఇంటోళ్లది ఎంత, కిరాయోళ్లది ఎంత, గదేనా?" అన్నాడు. అదేనన్నాను. "గట్ల చెప్పుండ్రి మరి. నేను దొంగనైన అనుకున్న," అని నవ్వి, నా గ్లాసు మళ్ళీ నింపాడు.

రాయడం ఆయనకి తెలుసు గానీ మట్టి చేతులతో కాగితం ముట్టుకోవడం ఇష్టం ఉండేది కాదు. అందుకని ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపమన్నాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆఫీసు మూసేవేళకి ఆయన మెసేజీ వచ్చేది. ఫోన్‌ని అద్దంలా మొహానికి ఎదురుగా పట్టుకుని, గొంతు సవరించుకుని, "నేనే మేడం, సహం కాడికెల్లి," అని మొదలుపెట్టేవాడు, సహం నుంచి నాకు ఇంకెవరో కూడా ఫోన్ చేస్తారన్నట్టు. పని వివరాలు చెప్పాక చివర "ఇగ పెడ్తున్న" అనేవాడు. అవతల ఎవరూ లైన్లో లేరని ఎన్నిసార్లు చెప్పినా, చెప్పకుండా పెట్టేయడం మర్యాద కాదని ఆయన లెక్క.

నాకు కావలసింది రెండు మాటలు. ఆయన చెప్పేది పది మాటలు. పూల్ అడుగున ఎవరో చిన్నపిల్ల గాజులు దొరికాయని, మోటారు దగ్గుతోందని, సముద్రం గాలి ఉప్పగా ఉంటే నిమ్మ ఆకులు ముడుచుకుంటాయని. సొంతవాళ్ళ గడిలో పెట్టాలో, కిరాయివాళ్ళ గడిలో పెట్టాలో తెలియని పని వస్తే, "గది వేరే ముచ్చట," అని ముందే చెప్పేవాడు. ఒకసారి అర్బాబ్ మనవడు ఫుట్‌బాల్ ఆడదామని పట్టుబట్టాడట.

"మేడం, ఆడుకున్నది గూడ డ్యూటీయేనా?"

ఈసారి నేనే ఫోన్ చేశాను. "యజమాని మనవడు పిలిస్తే వెళ్ళారు కాబట్టి సొంతవాళ్ళ పని కింద రాస్తానండీ."

"రాస్తె రాయుండ్రి. గని నేను ఊకె ఓడిపోలె. పోరనికి మూడు గోల్స్ కొట్టిన."

ఇంకో అలవాటు చెప్పాలి. ఖాళీగా ఉన్న ఇంట్లోకి కూడా తలుపు తట్టకుండా వెళ్ళేవాడు కాదు. తాళం తన దగ్గరే, లోపల ఎవరూ లేరని తనకే తెలుసు. అయినా వేళ్ళతో రెండుసార్లు తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తాళం తీసేవాడు. ఎందుకలా అని అడిగితే సిగ్గుపడ్డాడు. "మనది గాదు గద మేడం," అన్నాడు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక చలికాలం వాళ్ళావిడ వచ్చింది. అర్బాబ్ తనే పూనుకుని నెలరోజుల విజిట్ వీసా తీయించాడు. ఆమె వస్తుందని తెలిసిన రోజునుంచి మెసేజీల్లో పని తగ్గి ఏర్పాట్లు ఎక్కువయ్యాయి. మోటారు షెడ్డు వెనక తన రూమ్‌కి తనే సున్నం వేశాడు. కొత్త బకెట్, కొత్త చాప కొన్నాడు. అద్దం ఎంత ఎత్తులో కొట్టాలో నన్ను అడిగాడు. "మా ఇంటామె జర పొట్టిగుంటది," అన్నాడు.

ఆమె వచ్చాక మెసేజీల్లో వెనకనుంచి ఇంకో గొంతు వినపడడం మొదలైంది. మొదటి రోజు ఆయన పని చెబుతుంటే, "గదేంది, ఒక్కనివే మాట్లాడుతున్నవ్?" అని ఆమె అడగడం, "ఉండే, ఆఫీసుకు చెప్తున్న," అని ఆయన కసరడం, ఇద్దరూ నవ్వడం అన్నీ రికార్డయ్యాయి. నేను అది రెండుసార్లు విన్నాను.

ఆమె ఊరుకునే మనిషి కాదు. చలికాలం కావడంతో ఇల్లు ఒక్క వారాంతం కూడా ఖాళీ ఉండేది కాదు, ఆయనకి ఊపిరాడని పని. కిరాయివాళ్ళు వెళ్ళాక కుప్పలుగా మిగిలిన గిన్నెలు ఆమె తోమేది. వాకిలి ఊడ్చేది. అలా మొదటిసారి తోమిన సాయంత్రం మెసేజీలో ఆయన గొంతు గట్టిపడింది.

"మేడం, గిన్నెలు ఇయ్యాల మా ఇంటామె తోమింది. అది నా పనిల రాయకుండ్రి. ఆమె పేరు మీద గూడ రాయకుండ్రి. ఆమె సుట్టం."

మా ఆయనకి ఆ మాట చెబితే, ఒకసారి చూసొద్దాం పద అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాం. ఆమె ఊరినుంచి తెచ్చిన సకినాలు పెట్టి, అప్పటికప్పుడు సర్వపిండి వేసింది. మేం తింటున్నంతసేపూ పక్కన కూర్చుంది గానీ తను ముక్క కూడా తుంచలేదు. విమానం ఎక్కినప్పటినుంచి ఆకలి సరిగ్గా లేదంది. నన్ను చూసి, "నువ్వు ఈనెకు దినాం ఫోన్ల మాట్లాడే మేడమ్‌వా? నాకు ఆడిబిడ్డ లెక్కనే గద మరి. నిన్ను వదినె అని పిలుస్త," అంది. ఆయన అది విని తల గోక్కుని, "అయితే నాకు చెల్లెవే ఇగ," అన్నాడు. ఆ రోజునుంచి మేడం పోయి చెల్లె వచ్చింది. నేనూ అన్నయ్యా అనడం మొదలుపెట్టాను.

ఆ నెలలోనే ఒక వారాంతం కిరాయికి మాట్లాడుకున్నవాళ్ళు చివరి నిమిషంలో రాలేదు. డబ్బు ముందే కట్టేశారు. అర్బాబ్ ఫోన్ చేసి, ఇల్లు ఊరికే ఉంది కదా, నీ భార్యని తీసుకుని లోపల ఉండు అన్నాడట. ఈయన వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"చెల్లె, అర్బాబ్ ఉండుమన్నడు. గని నేను పండుకుంటె గది ఎవల దినం అయితది? నీ లెక్క ఖరాబ్ గాదు గద?"

"కిరాయి వచ్చేసింది అన్నయ్యా. అది కిరాయి రోజే. లోపల మీరు పడుకున్నా ఎవరు పడుకున్నా లెక్క మారదు."

"నిజంగనేనా?"

"నిజంగానే. వదినగారిని తీసుకెళ్ళండి."

మర్నాడు సాయంత్రం మెసేజీ వచ్చింది. గొంతు సవరించుకోలేదు. "ఇయ్యాల నేను ఏం పని చెయ్యలె చెల్లె. సున్న రాయి," అని గర్వంగా చెప్పాడు. తర్వాత ముచ్చట మొదలైంది. తాళం తీసేముందు ఆయన అలవాటుగా తలుపు తడితే, లోపల ఎవరున్నారని ఆమె భయపడి వెనక్కి జరిగిందట. హాలు చూసి, "ఇంత పెద్ద ఇంట్ల బువ్వకు ఎట్ల పిల్సుకుంటరు?" అందట. పూల్ గట్టు మీద కూర్చుని చీర మడమల దాకా ఎత్తి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, మధ్యాహ్నమంతా లేవలేదట. మంచం మీద మాత్రం పడుకోనని, కిందే చాప పరుచుకుందట. "నేను గూడ కిందనే పండుకున్న. మంచమేమో ఊకె ఉన్నది," అన్నాడు.

నెల నిండాక ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ మెసేజీల్లో ఒక్క గొంతే.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం మెసేజీ రాలేదు. ఆయన అలా మానేసే మనిషి కాదు. మర్నాడు పొద్దున నేను ఫోన్ చేస్తే ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. చుట్టూ గోల. "మా ఇంటామె పోయింది చెల్లె. పోతున్న," అన్నాడు. ఆయన ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వేసవి, ఉంచడానికి వీల్లేక కొడుకు కానిచ్చేశాడు.

కొన్ని వారాలకే తిరిగి వచ్చేశాడు. పిల్లలు ఉండమన్నారట, వినలేదు. మళ్ళీ రోజూ మెసేజీలు పంపేవాడు గానీ, ఇప్పుడు నాకు కావలసిన రెండు మాటలే ఉండేవి. కిరాయోళ్ల పని పొద్దటిపూట. తోటపని మాపటిపూట. మోటారు దగ్గుతోందో లేదో చెప్పేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం లెక్కల పని మీద వెళ్ళాను. నిమ్మరసం ఇచ్చాడు. ఉప్పు వేయడం మరిచిపోయాడు, నేనూ అనలేదు. డ్రైవర్ కారులో కునుకు తీస్తున్నాడు. పెద్దాయన చేతులు నలుపుకుంటూ మెల్లగా చెప్పాడు. కడుపులో గడ్డ సంగతి ఆమెకి ఇక్కడికి రాకముందే తెలుసట. డాక్టరు చెప్పేశాడట. ఈయనకి చెప్పొద్దని పిల్లల చేత ఒట్టు వేయించుకుందట. చెబితే పని వదిలేసి వచ్చేస్తాడు, నేనే ఒకసారి చూసొస్తానని వచ్చిందట.

"నాకు తెల్వదు చెల్లె. నేను ఆ నెలంత వేరేటోళ్ల పోరగాండ్లకు కోళ్లు కాల్చిన."

ఆయన చూపు నా లాప్‌టాప్ సంచి మీద పడింది.

"నీ కాడ ఆ నెల లెక్క ఉంటది గద?"

"ఉంటుంది అన్నయ్యా."

"నేను ఆమె కాడ ఎంతసేపున్నన్నో చెప్పు. డ్యూటీ పోను మిగిలింది ఆమెతోనే గద ఉంట. జర తీసి చూడు."

లాప్‌టాప్ తెరిచాను. చలికాలం నెల. కిరాయివాళ్ళ గడి నిండుగా ఉంది. ఆయన పని పోగా మిగిలిన గంటలు చాలా తక్కువ, అందులో నిద్ర తీసేస్తే ఇంకా తక్కువ. ఆ మాట ఆయనకి చెప్పలేను. చెప్పకుండా కూర్చోనూలేను. మొదటి రోజు చదివాను. పొద్దున్నే సముద్రం ఒడ్డుకి వెళ్ళి కిరాయివాళ్ళకి చేపలు తేవడం.

"ఆగు," అన్నాడు. "ఆ పొద్దు ఆమె గూడ ఒచ్చింది. సముద్రం సూస్త అన్నది. చేపలు నేనే కొన్న, ఆమె నీళ్లల్ల నిలబడ్డది. గది ఆమెకాడ ఉన్నట్టే గద?"

"ఉన్నట్టే."

"కలుపు మరి."

సంచిలో ఒక తెల్లకాగితం ఉంటే తీసి, పెన్సిల్‌తో రాశాను. ఆడిటర్‌కి పంపిన లెక్క పంపినట్టే ఉంది, దాని జోలికి పోలేదు. ఆయన అడుగుతున్నది వేరే లెక్క.

తర్వాతి రోజు చదివాను. సాయంత్రమంతా మాంసం పుల్లలకి గుచ్చి కాల్చడం. "పుల్లలు ఆమెనే అందిచ్చింది. బకెట్ బోర్లిచ్చి కూసున్నది. పొగకు కండ్లల్ల నీళ్లు కారుతుంటె, పోయి పండుకోయే అంటె పోలె. కలుపు." ఆ తర్వాతి రోజు మోటారు రిపేరు. "టార్చిలైటు పట్టింది. కలుపు." అర్బాబ్ మనవళ్ళ వెంట ఫుట్‌బాల్. "గట్టు మీద కూసోని నవ్వింది. నేను పడ్డనని నవ్వింది. కలుపు చెల్లె."

అలా ఒక్కో రోజూ నేను చదవడం, ఆయన వెనక్కి తీసుకోవడం. గిన్నెల కాడ ఉన్నది. ఆరేసిన దుప్పట్లు రెండు దిక్కులా పట్టుకుని మడత పెట్టారు. నిమ్మకాయలు కోస్తుంటే కొంగు పట్టింది. నెల సగం దాటేసరికి ఆయన గొంతు పాత మెసేజీల గొంతులా అయింది, చేతులు కదిలిస్తూ చెబుతున్నాడు. ఆ సున్నా రోజు వచ్చినప్పుడు నేను చదవకముందే, "గది మొత్తం," అన్నాడు. కాగితం రెండువైపులా నిండిపోతోంది. డ్రైవర్ లేచి వచ్చి, మా ఇద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా చెట్టు అవతల నిలబడ్డాడు.

చివరికి ఒక గురువారం మిగిలింది. చదివాను. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కిరాయివాళ్ళ పని.

ఆయన చూపు గేటు వైపు పోయింది.

"ఆ రోజేంటి అన్నయ్యా?"

"ఆ బేస్తారం ఆమె పోయింది."

డ్రైవర్ వైపు చూశాను. అతను తల దించుకున్నాడు. ఆమెని మా ఆఫీసు కారులో మస్కట్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళింది అతనే.

"నేను గూడ పోదామనుకున్న," అన్నాడు ఆయన. "కొత్తంగి తొడుక్కున్న. గంతల కిరాయోళ్లు జల్దీ ఒచ్చిండ్రు. పోరగాండ్లు పూల్‌ల దిగుతమంటున్నరు, బొగ్గులు ఏడున్నయంటున్నరు. ఆమెనే అన్నది, నువ్వు ఉండు, నేను పోత అని. సంచి నేను పెట్టలె, ఈ పిలగాడు పెట్టిండు."

"గేటు దాకానైనా వెళ్ళుంటారు కదా. ఆ కాసేపైనా రాయనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు చెల్లె. గేటు ఆమె కోసం తియ్యలె. వాళ్ల కార్లు లోపలికి రావాలెనని తీసిన. రెండు కార్లు ఒచ్చినయి. ఆ సందుల ఈ కారు బయటికి పోయింది. గేటు ఏసుకుని పనికి పోయిన."

పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఖాళీ గ్లాసులు తీసుకుని లేచి నిలబడ్డాడు.

"గది కిరాయోళ్లదే. అట్లనే ఉండనియ్యి," అన్నాడు.

అలాగే ఉంచాను.